కెరొలైన్ ఇంగల్స్ జాడలు

‘లిటిల్ హౌస్ ఆన్ ద ప్రెయరీ’ నవల 1935లో అచ్చయ్యేనాటికి లారా ఇంగల్స్ వైల్డర్‌కి 68 ఏళ్లు. చిన్నతనంలో అమ్మానాన్నలతో బండి కట్టుకుని వెళ్లి, గడ్డి మైదానం మధ్య దుంగల ఇల్లు కట్టుకుని బతికిన రోజుల కథ అది. అందులో చంటిపిల్ల క్యారీ ప్రయాణానికి ముందే పుట్టేసి ఉంటుంది. ఇల్లేమో కాన్సస్‌లోని ఇండిపెండెన్స్ ఊరికి 40 మైళ్ల దూరాన, ఇండియన్ టెరిటరీలో ఉంటుంది. లక్షలమంది పిల్లలు అలాగే చదువుకుని పెద్దవాళ్లయ్యారు. కానీ ఇంగల్స్ వారింటి బైబిల్లో ఉన్న ఒక్క పంక్తి ఈ రెండు విషయాల్నీ తిరగరాసింది. క్యారీ పుట్టింది 1870 ఆగస్టు 3న, కాన్సస్ రాష్ట్రం మాంట్‌గోమరీ కౌంటీలో. అంటే వాళ్ల నాన్న ఛార్లెస్ దుంగల ఇల్లు కట్టాక, ఆ ఇంట్లోనే తల్లి కెరొలైన్ ప్రసవించింది.

నవల కూతురి జ్ఞాపకం. లారా అప్పటికి మూడేళ్ల పిల్ల, పెద్దయ్యాక విన్నవీ కన్నవీ కలిపి రాసుకుంది. బైబిల్లోని పంక్తి తల్లి జీవితం. 19వ శతాబ్దపు అమెరికాలో పడమటి మైదానాలకు వలసపోయిన ఆడవాళ్లలో ఎక్కువమంది పుస్తకాలు రాయలేదు, దస్తావేజుల మీద సంతకాలు చేయలేదు, ఓటు వేయలేదు. భూమి భర్త పేరున, అప్పు భర్త పేరున. అలాంటి ఒక మనిషి బతుకును ఇన్నేళ్ల తర్వాత మళ్లీ కూర్చడానికి అమెరికన్ కుటుంబాలు ఒక పద్ధతిని సాధన చేస్తూ వచ్చాయి. ఆ పద్ధతిని చూపించడానికి కెరొలైన్ ఇంగల్స్ కంటే మంచి ఉదాహరణ నాకు తోచలేదు. ఆమె కూతురు ప్రసిద్ధురాలు కాబట్టి పరిశోధకులు ఆ కుటుంబం వెంట ఊరూరా తిరిగారు. అయినా కెరొలైన్ మాత్రం దాదాపు ప్రతి కాగితంలోనూ ఎవరో ఒకరి వెనకే నిలబడి ఉంటుంది.

వెతుకులాట ఇంట్లోనే మొదలవుతుంది. పాత నిబంధనకూ కొత్త నిబంధనకూ మధ్య జననాలు, వివాహాలు, మరణాలు రాసుకోవడానికి ఖాళీ పుటలు వేసి కుటుంబ బైబిళ్లు అచ్చు వేసేవారు. చాలా ఇళ్లలో వాటిని నింపింది ఆడవాళ్లే. అయితే ఆ పుట దొరకగానే నమ్మెయ్యకూడదు. ముందు బైబిల్ అచ్చయిన సంవత్సరం చూడాలి. 1870లో అచ్చయిన బైబిల్లో 1845 నాటి మరణం రాసి ఉందంటే అది ఆ రోజు రాసింది కాదు, ఎవరో తర్వాత గుర్తు చేసుకునో, పాత కాగితం చూసో ఎక్కించింది. పంక్తులన్నీ ఒకే సిరాతో, ఒకే రాతలో ఉన్నా అదే అనుమానం. సిరా మారుతూ, రాత ముసలిదవుతూ, మధ్యలో చేతులు మారుతూ ఉన్న పుటకు విలువ ఎక్కువ. సైనికుల వితంతువులు పింఛను అడిగినప్పుడు పెళ్లికి రుజువుగా ఇలాంటి పుటల్నే బైబిల్ నుంచి చించి ప్రభుత్వానికి పంపేవారు. అవి ఈనాటికీ వాషింగ్టన్ జాతీయ అభిలేఖాగారంలో పింఛను ఫైళ్ల మధ్య ఉన్నాయి. ఇంట్లో బైబిల్ లేదని నిరాశపడిన మనవరాలికి ఆ పుట అక్కడ దొరికే అవకాశం ఉంది.

ఇంటి కాగితాన్ని బయటి కాగితంతో సరిచూడడం రెండో అడుగు. అమెరికాలో 1790 నుంచి పదేళ్లకోసారి జనాభా లెక్కలు తీస్తున్నారు కానీ మొదటి ఆరు లెక్కల్లోనూ ఇంటి యజమాని పేరొక్కటే రాసేవారు. భార్య, కూతురు, తల్లి అందరూ ఫలానా వయసు ఆడవాళ్లు ఇందరు అనే గడిలో అంకెలైపోయారు. ఇంట్లో ప్రతి స్వతంత్ర వ్యక్తి పేరూ రాయడం 1850లో మొదలైంది. బానిసత్వంలో ఉన్నవాళ్లకు ఆ మాత్రం కూడా దక్కలేదు. 1850, 1860 పట్టికల్లో వాళ్లను యజమాని పేరు కింద వయసు, లింగం, రంగుగా మాత్రమే నమోదు చేశారు.

కెరొలైన్ క్వైనర్ 1839 డిసెంబర్ 12న విస్కాన్సిన్‌లో పుట్టింది. ఆమె ఐదేళ్ల పిల్లగా ఉండగా 1845లో తండ్రి హెన్రీ మిషిగన్ సరస్సు మీద ఓడ ప్రమాదంలో పోయాడు. తల్లి షార్లెట్ నాలుగేళ్ల తర్వాత ఫ్రెడరిక్ హోల్‌బ్రూక్‌ను పెళ్లాడింది. ఇలాంటి ఇంటిని 1850 పట్టికలో చదవాలంటే ఓపిక కావాలి. ఎవరు ఎవరికి ఏమవుతారో చెప్పే గడి అప్పటికి లేదు, అది వచ్చింది 1880లోనే. ఇంటి పెద్దకు ఒక ఇంటిపేరు, పిల్లలకు మరొకటి కనిపిస్తే, ఆ రెంటి మధ్య ఒక వైధవ్యమూ ఒక మారుమనువూ ఉండి ఉండొచ్చని మనమే పసిగట్టాలి. ఆ తర్వాత పెళ్లి రికార్డు, భూమి కొనుగోలు పత్రం వెతికి రుజువు చేసుకోవాలి. పట్టిక ఇచ్చేది ఊహకు ఆధారం మాత్రమే.

పుట్టింటి పేరు పెళ్లితో మాయమవడం ఈ పనిలో అన్నిటికంటే పెద్ద అడ్డంకి. దాన్ని దాటడానికి అనుభవజ్ఞులు పిల్లల పేర్లు చూస్తారు. కెరొలైన్ తన ఒక్కగానొక్క కొడుక్కి ఛార్లెస్ ఫ్రెడరిక్ అని పేరు పెట్టుకుంది. మొదటిది భర్త పేరు. రెండోది, గమనించండి, సవతి తండ్రిది. ఆ తర్వాత చూడాల్సింది ఇరుగుపొరుగు. లెక్కలు రాసే ఎన్యుమరేటర్ ఇంటి నుంచి ఇంటికి నడుస్తూ రాస్తాడు కాబట్టి పట్టికలో పక్కపక్కన ఉన్నవాళ్లు చాలాసార్లు నేలమీదా పక్కపక్కనే ఉంటారు. బంధువులు విడిగా వలసపోవడం అరుదు. క్వైనర్, ఇంగల్స్ కుటుంబాల మధ్య మూడు పెళ్లిళ్లు జరిగాయి. కెరొలైన్ ఛార్లెస్‌ను 1860 ఫిబ్రవరి 1న చేసుకుంటే, ఆమె అన్న హెన్రీ ఛార్లెస్ చెల్లెలు పాలీని, చెల్లెలు ఎలైజా ఛార్లెస్ అన్న పీటర్‌ని చేసుకున్నారు. కాబట్టి కెరొలైన్ గురించి ఒక కాగితం మౌనంగా ఉంటే పాలీ ఇంట్లోనో, ఎలైజా ఇంట్లోనో అడగొచ్చు. ఒక్కరి కోసం వెతికేవాడు ఊరంతటినీ చదవాలి.

కాన్సస్‌లోని ఆ చిన్న ఇంటి చోటు దొరికింది కూడా ఇలాగే. లారా తన కూతురు రోజ్‌తో కలిసి స్వయంగా వెతికినా చోటు దొరకలేదు. 40 మైళ్లన్న లెక్క ప్రకారం చూస్తే అది ఓక్లహోమాలోకి పోతుంది. బైబిల్లో మాంట్‌గోమరీ కౌంటీ అని ఉంది కాబట్టి 1870 పట్టికల్లో ఆ కౌంటీ పుటలు తిరగేస్తే, రట్లాండ్ టౌన్‌షిప్‌లో ఇంగల్స్ కుటుంబం కనిపించింది. కానీ ఛార్లెస్ ఆ నేలకు దరఖాస్తే పెట్టలేదు, భూమి రికార్డుల్లో అతని పేరు లేదు. అప్పుడు మార్గరెట్ క్లెమెంట్ అనే స్థానిక పరిశోధకురాలు పట్టికలో ఇంగల్స్ ఇంటికి అటూ ఇటూ ఉన్నవాళ్ల పేర్లు తీసుకుని, వాళ్లు తర్వాత దాఖలు చేసుకున్న భూముల్ని పటం మీద గుర్తిస్తూ పోయింది. పేరున్న చెక్కలన్నీ తీసేయగా యజమాని లేని చెక్క మిగిలింది. అక్కడ చేత్తో తవ్విన పాత బావి కూడా ఉంది. ఇండిపెండెన్స్‌కి అది 13 మైళ్లే. నవలలో మలేరియా జ్వరాలతో పడి ఉన్న కుటుంబాన్ని ఆదుకున్న నల్లజాతి వైద్యుడు టాన్ కల్పిత పాత్ర కాడని కూడా అదే పట్టిక చెప్పింది. డాక్టర్ జార్జ్ టాన్ వాళ్ల పొరుగునే ఉన్నాడు.

ఈ వెతుకులాటకు ఒక నైతిక బరువు కూడా ఉంది, దాన్ని పక్కన పెట్టి పూర్వీకుల సాహసాన్ని పొగడడం నాకు చేతకాదు. ఛార్లెస్ దరఖాస్తు పెట్టకపోవడానికి కారణం ఆ నేల అప్పటికి ఓసేజ్ జాతి వాళ్లది కావడమే. ఇంగల్స్ కుటుంబం అక్కడ అక్రమంగా దిగిన వందల కుటుంబాల్లో ఒకటి. కెరొలైన్ బిడ్డను కన్న కొన్ని వారాలకే ఓసేజ్‌లు కాన్సస్ వదిలిపోవడానికి ఒప్పుకోవాల్సి వచ్చింది. పన్ను కట్టని ఇండియన్లను లెక్కించనక్కర్లేదన్నది నాటి నియమం. అందుకని ఆ ఏడాది అక్కడే బిడ్డల్ని కన్న ఓసేజ్ తల్లులు ఆ పట్టికలో లేరు. 1884 చట్టం తర్వాతే ప్రభుత్వ ఏజెంట్లు రిజర్వేషన్లలో ఏటా పేర్ల జాబితాలు రాయడం మొదలుపెట్టారు. ఓసేజ్ కుటుంబాల మునిమనవరాళ్లు తమ వాళ్లను ఆ జాబితాల్లో వెతుక్కోవాల్సి వస్తోంది.

పట్టికలో ఆడవాళ్ల వృత్తి గడి చూస్తే మనసు చివుక్కుమంటుంది. వేరే సంపాదన లేకుండా సొంత ఇల్లు నడిపే ఆడవాళ్లకు ఇల్లు చూసుకుంటోంది అని రాయాలని 1870లో ఆదేశం. పెళ్లికి ముందు బడిలో పాఠాలు చెప్పినా, దుంగలు ఎత్తినా, పిల్లల్ని బండిలో వేసుకుని నదులు దాటినా ఆ గడిలో ఒకటే మాట. వయసుల్ని కూడా జాగ్రత్తగా చూడాలి. పదేళ్లలో కొందరు ఏడేళ్లే పెరుగుతారు. జవాబు చెప్పింది ఇల్లాలో, పెద్దకూతురో, పక్కింటివాళ్లో తెలియదు. ఎవరు చెప్పారన్నది గుర్తు పెట్టడం 1940లోనే వచ్చింది. అందుకే ఒకే మనిషిని నాలుగైదు పట్టికల్లో పక్కపక్కన పెట్టుకుని చదవాలి.

అప్పుడు కూడా కొందరు తప్పిపోతారు. కెరొలైన్ కొడుకు బుల్లి ఫ్రెడ్డీ 1875 నవంబర్ 1న మిన్నెసోటాలో పుట్టాడు. మిడతల దండు పంటల్ని తినేయడంతో కుటుంబం అయోవాకు కదిలింది. దారిలో పీటర్, ఎలైజాల ఇంట ఆగినప్పుడు, 1876 ఆగస్టు 27న పిల్లవాడు పోయాడు. 1870 లెక్కలకు పుట్టలేదు, 1880 లెక్కలకు లేడు. లారా తన నవలల్లో తమ్ముణ్ణి ఎక్కడా తలవలేదు. దేశపు లెక్కల మధ్య విరామంలో వచ్చి వెళ్లిన పిల్లలు ఆ కాలంలో ఎన్ని ఇళ్లలో ఉన్నారో! వాళ్లకోసం ఉన్న ఒకే ఒక్క గడి 1900 పట్టికలో వస్తుంది. ఎంతమంది పిల్లల్ని కన్నావు, ఎంతమంది బతికున్నారు అని ప్రతి తల్లినీ అడిగారు. 1910లోనూ అడిగారు. ఆ రెండు అంకెల మధ్య తేడా కనబడగానే పరిశోధకులు సమాధులూ చర్చి పుస్తకాలూ వెతకడం మొదలుపెడతారు. నా దృష్టిలో ఆ దేశపు జనాభా లెక్కల్లో ఆడవాళ్ల గురించి అడిగిన ప్రశ్నలన్నిటిలోకీ విలువైనది అదే.

1890 పట్టికలు దాదాపుగా లేవు. వాషింగ్టన్‌లో వాణిజ్య శాఖ భవనంలో 1921 జనవరిలో జరిగిన అగ్నిప్రమాదంలో కొన్ని కాలిపోయాయి, నీళ్లకు తడిసినవి ఆ తర్వాత పారేశారు. 1880కీ 1900కీ మధ్య ఏర్పడిన ఈ గోతిని పూడ్చడానికి రాష్ట్రాల లెక్కలు, ఊరి పత్రికలు, హోమ్‌స్టెడ్ ఫైళ్లు అక్కరకొస్తాయి. 1862 హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం ఐదేళ్లు కాపురముండి సాగుచేస్తే 160 ఎకరాలు సొంతమయ్యేవి. భర్త ఉన్న ఇల్లాలికి దరఖాస్తు పెట్టే వీలుండేది కాదు. 21 నిండిన అవివాహితలకూ వితంతువులకూ ఉండేది. అందువల్ల కెరొలైన్ ఆ తర్వాత కాపురమున్న డకోటా భూమి ఫైలు ఛార్లెస్ పేరున ఉంటే, అక్కడే డి స్మెట్ ఊరి దగ్గర లారా ఆడపడుచు, పెళ్లికాని ఎలైజా జేన్ వైల్డర్ పేరున ఆమె సొంత ఫైలు ఉంది. తాను పడ్డ పాట్లు వివరిస్తూ ఎలైజా జేన్ అధికారులకు స్వయంగా రాసిన కథనం అందులో చదవొచ్చు. ఒంటరి ఆడవాళ్ల గొంతు నేరుగా వినిపించే సర్కారీ కాగితాలు అవి. ఇల్లెంత, బావెంత లోతు, ఎంత నేల దున్నారు అన్నదానికి ఇద్దరు సాక్షుల వాంగ్మూలం కూడా వాటిలో ఉంటుంది.

ఈ పద్ధతి తెలుగు కుటుంబాలకూ పనికొచ్చే చోటు ఒకటుంది. 1860 నవంబర్ 16న మద్రాసు నుంచి ‘ట్రూరో’ ఓడ డర్బన్ చేరింది. అప్పటి నుంచి 1911 వరకు దక్షిణాఫ్రికా చెరకు తోటలకు ఒప్పందం మీద వెళ్లిన లక్షన్నర మందిలో తెలుగు ఆడవాళ్లున్నారు. ఓడ పట్టికల్లో ప్రతి మనిషికీ ఒక నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు, ఒంటిమీద గుర్తులు రాసుకున్నారు. అక్కడ ఆడమనిషి భర్త వెనక దాగదు, తన నంబరుతో తానే ఉంటుంది. స్వదేశంలో ఉండిపోయిన ఆమె అక్కచెల్లెళ్ల సంగతి వెతకడం ఇంకా కష్టం. భారతదేశంలో 1948 జనాభా లెక్కల చట్టం ఇంటింటి పట్టికల్ని ఎవరికీ చూపకూడదంటుంది. అమెరికా 72 ఏళ్ల గడువు పెట్టుకుని, అది తీరగానే తెరుస్తుంది. 1950 పట్టికలు 2022 ఏప్రిల్‌లో బయటికొచ్చాయి.

1902లో ఛార్లెస్ పోయాక కెరొలైన్, చూపులేని పెద్దకూతురు మేరీతో డి స్మెట్‌లోనే ఉంది. ఇంటి పెద్ద గడిలో ఆమె పేరు రావడానికి 60 ఏళ్లు దాటాయి. 1924 ఏప్రిల్ 20న ఆమె కన్నుమూసింది. మరుసటి ఏడాది లారా పెద్దమ్మ మార్తాకు ఉత్తరం రాసి, అమ్మతో గడిపిన చిన్ననాటి సంగతులూ ఆనాటి వంటలూ అడిగింది. మార్తాకు అప్పటికి 80 ఏళ్లు దాటాయి, అయినా ఓపిగ్గా జవాబులు రాసింది. తండ్రి హెన్రీ క్వైనర్ పోయాక ఆ ఇంట్లో పిల్లలు ఎలా పెరిగారో, ఏం తిన్నారో చెప్పిన కాగితాలు అవి. ఆ విషయాలు అడిగే గడి ఏ జనాభా పట్టికలోనూ లేదు.