టెంకాయచిప్పయు పట్టువస్త్రమును: వాసుదాసుని యందు రాజ్యమతసంబంధము

ఆంధ్రవాల్మీకి వావిలికొలను సుబ్బారావుగారి (1863–1936) పేరు చెప్పగనే పాఠకులకు స్ఫురించునవి ఆయన రామాయణానువాదమును, దానిపై వ్రాసిన మందరవ్యాఖ్యానమును. 'టెంకాయచిప్ప శతకము' ఆయన రచనల పట్టికలో చివర నుండు పేరు. శిష్యులకు పాఠము చెప్పునపుడు నేనును దానిని చాలకాలము భక్తుని చమత్కారముగానే పేర్కొంటిని. అది పొరపాటని ఇప్పుడు తోచుచున్నది. మతము ప్రజాజీవనమున ఏ విధముగా నిలువవలెనను ప్రశ్నకు ఆ శతకము పుట్టుకయే ఒక సమాధానము.

సుబ్బారావుగారు జమ్మలమడుగున జన్మించిరి. ప్రొద్దుటూరు తాలూకా కచేరీలో గుమాస్తాగా చేరి రెవిన్యూ ఇన్‌స్పెక్టరు పదవి వఱకు ఎదిగిరి. పిదప చెన్నపురి ప్రెసిడెన్సీ కళాశాలలో ఆంధ్రపండితులుగా నుండి, తుదకు వాసుదాసస్వామియై ఒంటిమిట్ట చేరిరి. కడపనుండి రాజంపేటకు పోవు మార్గమున నున్న ఆ గ్రామమందలి కోదండరామాలయము అప్పుడు జీర్ణించి యుండెను. ఆయన టెంకాయచిప్ప చేతబట్టి ఊరూర భిక్షమెత్తి, ఆ ద్రవ్యముతో దానిని ఉద్ధరించిరి.

ఇచట ఒక కాలసంయోగము గమనింపదగినది. ఆయన పుట్టిన 1863వ సంవత్సరముననే ఆంగ్లప్రభుత్వము మతధర్మాదాయములను గూర్చి 20వ చట్టమును చేసినది. చెన్నపురి రాజధానిలో 1817నాటి 7వ రెగ్యులేషనుచే రెవిన్యూబోర్డు వహించిన దేవాలయపర్యవేక్షణము ఆ చట్టముతో ధర్మకర్తలకును స్థానికసంఘములకును వదలివేయబడినది. విగ్రహారాధనలో ప్రభుత్వమునకు పాలు తగదని క్రైస్తవ మిషనరీలు చేసిన ఆందోళనము దీనికొక ముఖ్యకారణము. ఒంటిమిట్ట ఆలయము పాడగుటకు ఆ చట్టమే హేతువని నేననను. ప్రభుత్వము తొలగిన చోట భిక్షాపాత్రకు పని కలిగినదనుట మాత్రము నిజము.

ఆ పాత్రను పట్టినవాడు ఒకప్పటి రెవిన్యూ ఉద్యోగి యగుట విశేషము. రైతునుండి శిస్తు రాబట్టు యంత్రములో ఆయన భాగముగా నుండెను. తరువాత అట్టి రైతు వాకిటనే చిప్ప చాచెను. శిస్తును కాదనుటకు రైతునకు హక్కు లేదు. చిప్పను చూచి "చేయి ఖాళీ లేదు, పోయి రండి" అనుటకు ఎవనికైనను హక్కు కలదు. మన శతకములు సాధారణముగా దేవునికో, రాజునకో, నీతికో అంకితములు. దేవునికొఱకు ప్రజలనడిగిన పనిముట్టు శతకమునకు పేరగుట అరుదు.

భాగవతావతారికలో రాజులకు కృతులిచ్చి ఫలము పొందుటను నిరసించి పోతన తన గ్రంథమును రామునికిచ్చెను. పోతన ఒంటిమిట్టవాడని నిరూపింపబూని సుబ్బారావుగారు 'పోతన నికేతన చరిత్రము' రచించిరి. ఓరుగల్లు పక్షమే నాకు బలవత్తరముగా కనబడుచున్నది. కాని చరిత్రకారుడుగా తడబడినను, రాజద్వారమును కాదన్న కవిని తన రాముని ఊరికి చేర్చుకొనగోరుటలో సుబ్బారావుగారి హృదయము తెలియుచున్నది.

ఇక వర్తమానము. 2014లో రాష్ట్రవిభజనమైనపుడు భద్రాచలక్షేత్రము తెలంగాణమునకు చెందినది. అందుచే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2015 నుండి ఒంటిమిట్ట రామకల్యాణమును అధికారికోత్సవముగా జరుపుచున్నది. ఆ సంవత్సరముననే ఆలయపాలనము తిరుమల తిరుపతి దేవస్థానముల చేతికి వచ్చినది. రాత్రివేళ వెన్నెలలో జరుగు ఆ కల్యాణమునకు ప్రభుత్వపక్షమున పట్టువస్త్రములు సమర్పింపబడును.

పట్టువస్త్రమిచ్చునది పదవియా, పురుషుడా? 2020లో తిరుమలయందు ఈ ప్రశ్న తీవ్రమైనది. పులివెందుల శాసనసభ్యుడును క్రైస్తవుడునైన ముఖ్యమంత్రి వై.యస్. జగన్మోహనరెడ్డి బ్రహ్మోత్సవములకు వస్త్రములు కొనిపోవునపుడు, అన్యమతస్థులు ఈయవలసిన విశ్వాసపత్రమును ఆయనయు ఈయవలెనని కొందఱు పట్టుబట్టిరి. జమ్మలమడుగు మిషను ఆసుపత్రిలో వైద్యుడుగా పనిచేసిన ఆయన తండ్రి రాజశేఖరరెడ్డియు 2004–2009 నడుమ ముఖ్యమంత్రిగా తిరుమలకు వస్త్రములు సమర్పించినవాడే. ఇచ్చునది పదవి యైనచో పదవికి మతము లేదు, దానిని విశ్వాసపత్రమడుగుట అర్థరహితము. ఇచ్చునది పురుషుడైనచో ఆ వస్త్రమునకు రాజముద్ర యెందులకు? ఉభయపక్షములును ఈ చిక్కును దాటవేసినవనియే నా అభిప్రాయము.

మన రాజ్యాంగము 25వ అధికరణమున, మతాచారముతో ముడిపడిన ఆర్థిక, లౌకికవ్యవహారములను నియంత్రించు అధికారమును రాజ్యమునకిచ్చినది. 27వ అధికరణమున, ఒక మతమును పోషించుటకై ప్రత్యేకింపబడిన పన్నును చెల్లింపుమని ఎవనిని నిర్బంధింపరాదనినది. పన్ను వేఱు, భిక్ష వేఱు అను ఈ భేదమే చిప్పలోను ఉన్నది. ఆలయమునకు నేడు సమకూడిన వసతులు చిప్పతో సమకూడునవి కావని చెప్పవచ్చును. ఆ మాట నిజమే. దేవస్థానముల ధనము భక్తుల కానుకయే గాని పన్ను కాదను వాదమును నేను త్రోసివేయను. నా శంక ధనమును గూర్చినది కాదు, ఖజానా పట్టును గూర్చినది. దానిని నేయించినవారిలో కాదనగల అవకాశము ఎవరికుండినది?

సుబ్బారావుగారిని లౌకికరాజ్యవాదిగా చిత్రించుట అన్యాయము. ఆయన సంప్రదాయనిష్ఠుడు. ఆనాటి ప్రభుత్వమే ధనమిచ్చి గుడిని బాగుచేసియుండినచో వలదనియుండునా? అనియుండడనియే నా ఊహ. అప్పుడు గుడి బాగుపడియే యుండును. శతకము మాత్రము పుట్టియుండదు.