చరిత్ర లేని సేన

"కల్కి 2898 ఏ.డి." చిత్రం చూసివచ్చిన మా కళాశాల విద్యార్థులు కొందరు ఒకనాడు నాతో వాదానికి దిగారు. వాహనాలు, ఆయుధాలు, రైడర్ల ముసుగులు - వారి మెప్పంతా వీటికే. నేను ఒక్క ప్రశ్న అడిగాను: "ఆ రైడర్లు ఎవరి బిడ్డలు?" ఎవరూ జవాబు చెప్పలేదు. ఆ మౌనమే నాచేత ఈ నాలుగు మాటలూ వ్రాయిస్తున్నది.

భావికాలాన్ని ఊహించడం ఫిల్మ్ నగర్‌కు కొత్త కాదు. 1991లోనే శ్రీ సింగీతం శ్రీనివాసరావు "ఆదిత్య 369"లో మనల్ని 2504వ సంవత్సరానికి తీసుకుపోయారు. 2024 జూన్ 27న విడుదలైన "కల్కి"లో శ్రీ నాగ్ అశ్విన్ మరింత ముందుకు పోయి, ఒక పాలకవ్యవస్థనే నిర్మించారు. కాశీ ఎండిపోయింది, నీరూ పచ్చదనమూ పైన నిలిచిన తలక్రిందుల కాంప్లెక్స్‌కు చేరాయి. యాస్కిన్ ఏలిక, మానస్ సేనాని. గర్భధారణకు తగిన స్త్రీలను పట్టుకుపోవడం రైడర్ల పని. దోపిడీని ఇంత స్పష్టంగా రూపుకట్టించడం సామాన్యమైన విషయం కాదు.

కాని సేన అంటే వేషమూ ఆయుధమూ మాత్రమే కాదు గదా! సిపాయి ఎక్కడినుంచి వచ్చాడు, ఏ ఆకలి అతన్ని చేర్పించింది, ఏ ప్రమాణం అతన్ని కట్టివేసింది - ఇదే సేన చరిత్ర. మాసబ్ టాంకు దగ్గరి ఏ.సి. గార్డ్స్ పేట పేరులో నిజాం కాలపు ఆఫ్రికన్ అశ్వికదళం నిలిచి ఉన్నది. 1948 తర్వాత ఆ సంస్థానమూ లేదు, ఆ కొలువూ లేదు. కాని ఆ సిద్దీల వారసులు ఉన్నారు, వారి మర్ఫా మోత ఉన్నది. కారెంపూడిలో పల్నాటి వీరుల ఆయుధాలకు ఏటేటా ఉత్సవం జరుగుతున్నది. బ్రహ్మనాయుని పేరు చెప్పగానే జనానికి కత్తితోపాటు చాపకూడు కూడా జ్ఞాపకం వస్తుంది. కలిసి తిన్న కూడే ఆ సేన సంప్రదాయం.

ముసుగులే దర్శకుని ఉద్దేశమనీ, మనిషి యంత్రంగా మారాడని చెప్పడానికే అవి ఉన్నాయనీ కొందరు సమాధానం చెబుతారు. మంచిదే. అయితే మారడానికి ముందు అతడు మనిషి అని చూపాలి. "బాహుబలి"లో కట్టప్ప సంగతి చూడండి. పూర్వులు సింహాసనానికిచ్చిన మాట అతని చేత ప్రియమైనవాణ్ణే చంపించింది. అక్కడ సంప్రదాయం అలంకారం కాదు, కథను నడిపిన సంకెల.

"కల్కి"లోనూ ఈ అవగాహన లేకపోలేదు. యూనిట్ల కోసం, కాంప్లెక్స్‌లో ప్రవేశం కోసం భైరవ ఎవరినైనా వేటాడుతాడు. పీడితుడు పీడకుని పనిముట్టు ఎలా అవుతాడో ఈ పాత్ర చక్కగా చెబుతుంది. చిత్రంలో నాకు నచ్చిన భాగం ఇదే. నాయకునికి దక్కిన ఈ న్యాయం రైడర్‌కు ఎందుకు దక్కలేదు? వాడూ ఏ కాశీ వీధిలోనో మంచినీళ్ళ కోసం నిలబడిన కుర్రవాడై ఉండకూడదా? వేల సంవత్సరాల జ్ఞాపకమంతా ఒక్క అశ్వత్థామకు ఇచ్చి, వరుసల్లో నిలిచి చచ్చేవారికి ఒక్క రోజు జ్ఞాపకమైనా ఇవ్వకపోవడం దృక్పథంలోని లోపం. కేవలం శిల్పలోపం కాదు. ముఖం లేనివాడు చస్తే ప్రేక్షకుడు చప్పట్లు కొడతాడు. ఆ అలవాటు థియేటర్‌లోనే ఆగిపోతుందని నేననుకోను.

కథ మొదటి భాగంతో ముగియలేదు. ఇక ముందైనా ఒక్క రైడర్ ముసుగు తీసి, తల్లి పెట్టిన పేరు చెబితే చాలు. కాంప్లెక్స్ పునాది కదలడం అక్కడ మొదలవుతుంది.