సూది మార్చే చేతికి దండం

మన పాలమూరు, కరీంనగర్ ఊళ్లలో అమ్మమ్మల చేతులు చూడండి. గడపకొచ్చిన ఎరుకల ఆడవాళ్లు సూదులతో పొడిచిన చుక్కలు, తేళ్లు, పెనిమిటి పేర్లు కనిపిస్తాయి. ఆ ఊళ్ల చేతులే కూలికి బొంబాయి చేరాయి. నిజాం రాజ్యం నుంచి కట్టడాల పనికి వచ్చిన కామాటీల పేరే అక్కడి వేశ్యావాడ కామాటిపురకు వచ్చింది.

రోగం అంటకుండా జాగ్రత్త ఎలా చెప్పాలో ఈ గల్లీలకు తెలుసు. 1986లో మద్రాసులో డాక్టర్ సునీతి సాలమన్ బృందం దేశంలో తొలి హెచ్‌ఐవీ కేసులను గుర్తించింది. ఆ తర్వాతి ఏళ్లలో డాక్టర్లతో పాటు ఈ వీధుల ఆడవాళ్లే గది గదికీ తిరిగి సాటివాళ్లకు తమ మాటల్లో చెప్పారు. తమ మనిషి చెప్పింది కాబట్టి విన్నారు.

పచ్చబొట్టు దుకాణానికీ అలాంటి తోడు కావాలి. రక్తంతో అంటుకునే హెపటైటిస్-బి వైరస్ ఒంటి బయట కనీసం 7 రోజులు బతకగలదు. అందుకే మంచి పనివాడి నేర్పు గీత కన్నా ముందే కనబడుతుంది. చేతులు కడుక్కుని కొత్త గ్లవ్స్ తొడుగుతాడు. మన కళ్లముందే కొత్త సూది ప్యాకెట్ చింపుతాడు. చిన్న మూతలో మనకు సరిపడా రంగే పోసి, మిగిలింది పారేస్తాడు. మళ్లీ వాడే స్టీలు పిడిని కడిగి, ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల ఆవిరిలో కనీసం 15 నిమిషాలు ఉంచుతాడు. వాడిన సూదిని గట్టి డబ్బాలో వేస్తాడు.

ఆ పనివాడికీ, ఆ అలవాటు నేర్పే ఆరోగ్య కార్యకర్తకూ నా దండం. ముంజేతి మీద అమ్మ పేరు పొడిపించుకున్న కుర్రాడు వాళ్ల వల్లే ఆ పేరొక్కటే ఇంటికి మోసుకెళ్తాడు.