కొత్త నీటి దగ్గర గాలం

వాన పడితే చేపలు గాలానికి బాగా తగులుతాయని మన ఊళ్లలో ఎవరినడిగినా చెబుతారు. ఆ మాటలో నిజం సగమే ఉంది. గాలం చేతబట్టి బతికినవాళ్లు వాన కురిసిన ప్రతిసారీ, నీళ్లున్న ప్రతిచోటా గాలం వెయ్యరు. తొలకరికి వాగు పారి చెరువులో కలిసే మూల చూసుకుని అక్కడ కూర్చుంటారు, మిగతా చెరువంతా వదిలేస్తారు. వాళ్ల లెక్కలో చేపను కదిలించేది చినుకు కాదు, నేలను కడుక్కుంటూ వచ్చే కొత్త నీరు. ఈ తేడాలోనే అసలు విద్య ఉందని, చేపల శాస్త్రం చెప్పేది కూడా దాన్నే బలపరుస్తుందని నా వాదన.

కొత్త నీరు ముందుగా తెచ్చేది మేత. నేల నానగానే ఎర్రలు బొరియల్లోంచి పైకొచ్చి వరదలో కొట్టుకొస్తాయి. గట్ల మీది చీమలు, మిడతలు, పురుగూ పుట్రా వాటి వెంటే వస్తాయి. తొలి వానల సాయంత్రాల్లో పుట్టల్లోంచి లేచిన ఉసిళ్లు నీటి మీద రాలితే పరకలు ఎగబడి తింటాయి. అందుకే ఈ రోజుల్లో ఎరగా ఎర్రను మించింది లేదు. దాన్ని ముల్లుకు పొడుగునా ఎక్కించి, మొన బయటికి కనబడకుండా కప్పి, తోక కొస మాత్రం వేలాడేట్టు వదులుతారు. ఆ కొస మెలికలు తిరుగుతూ ఉండాలి. నీరు ఎర్రబారినప్పుడు చేప కంటితో వెతకడం కష్టం. వాసన మీద, కదలిక మీద ఆధారపడాలి. జెల్ల, వాలుగ లాంటి మీసాల చేపలకు రుచి తెలిసే మొగ్గలు నోట్లోనే కాదు, మీసాల మీదా చర్మం మీదా ఉంటాయి. ఒంటి పక్కగా సాగే గీత నీటిలో చిన్న అలజడిని కూడా పసిగడుతుంది. పైగా మసక నీటిలో ఒడ్డున కూర్చున్న మనిషి నీడ చేపకు ఆనదు, కొంగకు చేప ఆనదు. అందువల్ల పగటిపూట లోతున దాగేవి కూడా ఒడ్డు వైపు వస్తాయి. అలాగని వరద ఉరకలేస్తూ చెత్తాచెదారం తెస్తున్నప్పుడు గాలం వేస్తే లాభం లేదు. ఉధృతి తగ్గాక, ఎర్రనీరూ తేటనీరూ కలిసే అంచున వెయ్యాలి. ఎర అడుగుకు కాస్త పైన నిలిచేట్టు బెండును సరిచూసుకుని వేస్తే, జెల్ల దాన్ని టపటపా రెండుసార్లు లాగి ఒక్కసారిగా ముంచేస్తుంది.

వాన ముందు గాలి పీడనం పడిపోతుంది కాబట్టే చేప మేతకు ఎగబడుతుందని చాలామంది అంటారు. లెక్క వేస్తే ఈ మాట నిలవదు. మీటరు లోతు నీరు కలిగించే పీడనం దాదాపు 98 హెక్టోపాస్కల్స్. మామూలు ముసురుకు గాలి పీడనం 10 హెక్టోపాస్కల్స్ తగ్గిందనుకున్నా, చేప జానెడు కన్నా తక్కువ పైకి లేచినప్పుడు అనుభవించే తేడా అంతే. రోజంతా కిందికీ మీదికీ ఈదే ప్రాణికి అది పెద్ద కబురు కాదు. ఆక్సిజన్ వాదం ఇంతకన్నా గట్టిది. 20 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 30 డిగ్రీలకు చేరితే 7.5 మాత్రమే. మే నెల ఎండకు ఉడికిన చెరువులోకి చల్లని ప్రవాహం దూకుతూ వస్తే చేపకు ఆకలి లేవడం సహజమే. కానీ అదే అసలు కారణమైతే, నీటి మీదికొచ్చి గాలి మింగి బతికే కొర్రమీను, మార్పు ఆ సమయంలో అంత హుషారుగా ఎందుకు తిరుగుతాయి? వాటిని కదిలించేది మేత, పారే నీరు.

వాన ఒక్కటే చాలదనడానికి కొల్లేటి చుట్టుపక్కల చేపల చెరువులకు మించిన సాక్ష్యం లేదు. కైకలూరు, భీమవరం వైపు రైతులు తవుడు నింపిన చిల్లుల సంచులను కర్రలకు కట్టి చేపలకు మేత పెడతారు. రెండు మూడు రోజులు ముసురు పట్టిందంటే వాళ్లు మేత తగ్గిస్తారు. ఎండ లేకపోతే నీటిలోని సన్నటి నాచు ఆక్సిజన్ తయారుచెయ్యలేదు, తెల్లవారుజాముకు చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. అదే వాన, అవే బొచ్చెలు, శీలావతులు. అయినా ఆకలి పెరగదు, తగ్గుతుంది. చుట్టూ గట్టు కట్టిన ఆ చెరువులోకి పారే నీరు రాదు కదా. వానలకు పనుల్లేక ఎక్కువమంది గాలాలు పట్టుకుని కూర్చుంటారు కాబట్టి ఎక్కువ చేపలు పడినట్టు అనిపిస్తుందనే అభ్యంతరమూ ఉంది. అందులో కొంత సబబు లేకపోలేదు. అయితే వేసవిలో మడుగంత నీటిలో కుక్కుకుని ఉన్న చేపలు చెరువు నిండగానే చెదిరిపోతాయి, ఆ లెక్కన పట్టు అంతటా తగ్గాలి. వాగు కలిసే మూలలో పెరుగుతోందంటే అక్కడ చేపలు చేరుతున్నాయనే అర్థం.

ఇక్కడ మరో తేడా కూడా పాతవాళ్లకు బాగా తెలుసు. చేప మేతకు రావడం వేరు, గుడ్లు పెట్టడానికి ఎదురెక్కడం వేరు. ఎదురెక్కేదానికి గాలం కాదు, మావు పెడతారు. వెదురు పేళ్లతో అల్లిన మావు మూతిలో మొనలు లోపలికి తిరిగి ఉంటాయి. చేప వాటిని తోసుకుని లోపలికి వెళ్తుందే గానీ బయటికి రాలేదు. పొలం గట్టు గండిలో మూతి దిగువకు ఉండేట్టు దాన్ని బిగిస్తారు. గోదావరి ఎర్రనీటికి సముద్రం నుంచి ఎదురీదుతూ వచ్చే పులస నీటిలోని సూక్ష్మజీవులను వడగట్టుకుని తినే చేప, దాన్ని పట్టేది వలతోనే. శీలావతి, బొచ్చె మామూలుగా నిలవ నీటిలో గుడ్లు పెట్టవు, వరద తగలాలి. 1957లో ఒడిశాలో హీరాలాల్ చౌధురి, అలికున్హి పీయూష గ్రంథి రసం ఎక్కించి ఈ జాతి చేపలతో గుడ్లు పెట్టించారు. వరద చేప ఒంట్లో లేపే పిలుపును వాళ్లు సూదితో ఇచ్చారన్నమాట. కొర్రమీను సంగతి మరీ ప్రత్యేకం. ఎర్రటి పిల్లల గుంపు నీటి పైన సుడులు తిరుగుతుంటే కింద తల్లీతండ్రీ కాపలా కాస్తాయి. అక్కడ గాలం పడితే ఆకలితో కాదు, పిల్లలను కాచుకునే కోపంతో కొడతాయి. అలా పట్టిన ఒక్క చేపతో గుంపు మొత్తం పరుల పాలవుతుంది. ఆ ఎరుపు కనబడ్డ చోట గాలం వెయ్యకూడదని నేను గట్టిగా చెబుతాను.

ఈ విద్యంతా పారే నీటి మీద నిలబడింది. తెలంగాణ గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు మత్తడి దూకితే కింది చెరువుకు కొత్త నీరు వచ్చేది, ఆ నీటికి ఎదురుగా చేపా కదిలేది. మధ్యలోని కాలువలను పూడ్చి ఇళ్లు కట్టిన చోట ఎంత వాన పడినా చెరువు నీటి మీద చినుకులు రాలడమే తప్ప ఏ మూలా ప్రవాహం రాదు, గాలానికి చేపా రాదు. హైదరాబాద్ శివారు చెరువుల్లో అయితే తొలి వరద ఎర్రలకు బదులు మురుగును, ఫ్యాక్టరీల వ్యర్థాలను మోసుకొస్తోంది. వాన పడ్డ మర్నాడు చేపలు తెల్లగా తేలాయన్న వార్త ఏటా పత్రికల్లో చూస్తూనే ఉన్నాం. అక్కడ గాలం వేసేవాళ్లు ఇప్పుడు మొదటి వానను వదిలేసి, రెండో మూడో వరద కోసం ఎదురుచూడటం మంచిది.