పాత యుద్ధవిమానాల మాన్యువల్స్‌కు డిజిటల్ రూపం

రెండో ప్రపంచ యుద్ధంలో ఎగిరిన ప్రతి విమానానికీ దానితోపాటే కొన్ని పుస్తకాలు వచ్చేవి. అమెరికా సైన్యం వీటిని టెక్నికల్ ఆర్డర్లు అంటే, బ్రిటిష్ వాయుసేన ఎయిర్ పబ్లికేషన్లు అంది. పి-51డి మస్టాంగ్ పుస్తకాల సంఖ్య 01-60జెఇ. దాని చివర 1 ఉంటే పైలట్ కోసం, 2 ఉంటే బిగింపు, నిర్వహణ, 3 ఉంటే దెబ్బతిన్న భాగాల మరమ్మతు, 4 ఉంటే విడిభాగాల జాబితా. స్పిట్‌ఫైర్ పుస్తకాలకు 1565, లాంకాస్టర్ పుస్తకాలకు 2062 సంఖ్యలు ఉండేవి. యుద్ధం ముగిశాక విమానాలు తుక్కు కింద పోయాయి, పుస్తకాల్లో చాలామటుకు వాటి వెంటే పోయాయి. మిగిలినవి మ్యూజియాల్లోనూ, రిటైరైన మెకానిక్‌ల ఇళ్లలోనూ, ఫ్యాక్టరీల పాత గదుల్లోనూ దొరుకుతున్నాయి. వాటిని స్కాన్ చేసి కావలసినవారికి అందించడం ఇప్పుడు ఒక ప్రత్యేక విద్యగా ఎదిగింది.

మొదటి చిక్కు కాగితంతోనే. యుద్ధకాలపు కాగితం నాసిరకం. ఆమ్లగుణం వల్ల పసుపెక్కి, మడత దగ్గర పెళుసుగా విరుగుతుంది. అందుకే పుస్తకాన్ని బోర్లించి అదమకుండా, సగమే తెరిచి వి ఆకారపు ఆసరా మీద ఉంచి పైనుంచి ఫొటో తీస్తారు. అక్షరాలకు 300 డీపీఐ సరిపోతుంది, సన్నటి వైరింగ్ బొమ్మలకు 600 వాడటం మేలు. పూర్తి నలుపు తెలుపుల్లో తీస్తే ఫైలు చిన్నదవుతుంది గానీ మసకబారిన అంకెలు మాయమవుతాయి. గ్రేస్కేల్‌లో టిఫ్ మూలప్రతి దాచుకుని, పంచడానికి పీడీఎఫ్ వేరుగా చేసుకోవడం మంచి పద్ధతి. మడతలు పెట్టిన పెద్ద బొమ్మలను విప్పి ఒకేసారి తీయాలి. ముక్కలుగా తీసి అతికిస్తే హైడ్రాలిక్ గొట్టం గీత ఒకటి అతుకు దగ్గర పక్కదానితో కలిసిపోవచ్చు. అక్షరాలను గుర్తించే సాఫ్ట్‌వేర్ నడిపాక కూడా విడిభాగాల సంఖ్యలను మనిషి సరిచూడక తప్పదు. 8ని 3గా చదివితే ఆ భాగం వెతికేవారికి దొరకదు.

అసలు నైపుణ్యం సవరణల దగ్గర బయటపడుతుంది. బ్రిటిష్ పైలట్స్ నోట్స్‌లో ఏదైనా మారితే పుస్తకం మొత్తం మార్చేవారు కాదు. జిగురు పూసిన చీటీలు పంపేవారు. వాటిని ఆయా చోట్ల అంటించి, సవరణ జాబితాను వెనక అట్ట లోపలివైపు అతికించాలి. ఒక పేరా మీది చీటీ అంచు లేచి ఉంటే, దాన్ని మెల్లగా ఎత్తి కింద ఉన్న మాటలనూ తీయాలి. పైలట్‌కు పనికొచ్చేది పైమాట, చరిత్ర రాసేవారికి రెండూ కావాలి. అమెరికన్ మాన్యువల్స్‌లో మారిన పేజీనే తీసేసి కొత్తది చేర్చేవారు. కాబట్టి ముందుండే సవరించిన పేజీల జాబితాను వదిలేస్తే ఏ పేజీ ఏనాటిదో తేల్చడం కష్టం. ఏ సవరణ దాకా వచ్చిన ప్రతో చెప్పని స్కాన్ ఎంత శుభ్రంగా ఉన్నా సగం మాన్యువలే.

మాన్యువల్ వాడకం చెబుతుంది. తయారీ చెప్పేది ఇంజినీరింగ్ డ్రాయింగ్. వేల డ్రాయింగులను మైక్రోఫిల్మ్‌కెక్కించి, ఒక్కో ఫ్రేమును అపర్చర్ కార్డు అనే అట్టముక్కలో బిగించి దాచేవారు. 2017లో వేల్స్‌లోని బ్రోటన్ విమాన కర్మాగారంలో, కూల్చబోతున్న ఒక భవనంలో, డి హావిలాండ్ మస్కిటో విమానానికి చెందిన ఇలాంటి కార్డులు 20 వేలకు పైగా బయటపడ్డాయి. ఎప్పుడూ తయారుకాని రకాల డ్రాయింగులూ అందులో ఉన్నాయి. మస్కిటో చెక్కతో చేసిన విమానం. చెక్క పాడైతే కొలతకు నమూనాగా పెట్టుకోవడానికి ఏమీ మిగలదు. మస్కిటోను మళ్లీ ఎగిరించాలనుకునే సంస్థకు ఆ కార్డులు దక్కడం ఆ ప్రయత్నానికి పెద్ద బలం.

పాత విమానాన్ని మళ్లీ ఎగరనివ్వాలంటే, ప్రతి భాగమూ అసలు డిజైన్‌కు తగినట్టు ఉందని అధికారులకు చూపించాలి. అందుకు ఆధారం ఈ కాగితాలే. పాత డ్రాయింగులో 24ఎస్‌టీ అని ఉంటే అది ఇప్పుడు 2024 అని పిలిచే అల్యూమినియం మిశ్రమమని తెలిసినవారు సరైన రేకు తెస్తారు. మస్టాంగ్ ఇంజిన్‌కు పాదరసం 61 అంగుళాల పీడనం, నిమిషానికి 3000 చుట్లు టేకాఫ్ హద్దు. అత్యవసరంలో 67 అంగుళాల దాకా వెళ్లొచ్చు, అదీ 5 నిమిషాలే. ఇలాంటి హద్దులను ఊహించి ఇంజిన్ నడపడం ప్రాణాలతో చెలగాటం.

పంచుకోవడానికి చట్టం చాలావరకు దారి ఇస్తుంది. అమెరికా ప్రభుత్వ ఉద్యోగులు విధుల్లో భాగంగా రాసినవాటికి అక్కడ కాపీరైట్ లేదు. బ్రిటన్‌లో ప్రచురితమైన ప్రభుత్వ పుస్తకాలకు 50 ఏళ్లు, భారత్‌లో 60 ఏళ్లు. అయితే కాపీరైట్ తీరడం వేరు, రక్షణ రహస్యం తీరడం వేరు. 2006లో అమెరికా నౌకాదళం ఎఫ్-14ను పక్కనపెట్టినా, ఇరాన్ వాటిని ఇంకా వాడుతోందని 2007లో పెంటగన్ విడిభాగాల అమ్మకం ఆపేసింది. ఇప్పటికీ వాడుకలో ఉన్న విమానాల మాన్యువల్స్‌ను అడగకుండా పంచడం నేరం కావచ్చు.

మన వాయుసేన స్పిట్‌ఫైర్లు, టెంపెస్టులు, లిబరేటర్లు, డకోటాలు నడిపింది. వాటిమీద పనిచేసినవారి పాతపెట్టెల్లో ఇలాంటి పుస్తకం కనిపిస్తే కుట్టు విప్పకండి, చీటీలు పీకకండి, పాతకాగితాలవాడికి వేయకండి. ఢిల్లీ పాలంలోని వాయుసేన మ్యూజియం వారిని సంప్రదించండి.