వెండితీగకు వెలుతురు

కరీంనగరపు వెండితీగపని వస్తువును, అది చెవిజూకా యైనను, కుంకుమభరిణె యైనను, అతిసమీపమునుండి ఛాయాచిత్రముగా గ్రహింపబూనినవారికి ముందుగా అవగతమగు సంగతి యేమనగా, మెరుగుపెట్టిన వెండి తన స్వరూపమును చూపుటకంటె తన చుట్టునున్న గోడలను, కిటికీని, కెమెరాను, దాని వెనుక నిలిచిన మనిషిని ప్రతిబింబించుటకే త్వరపడుననునదే. కావున ఇచ్చట దీపములను వస్తువుకొరకు గాక, వస్తువులో కనబడబోవు పరిసరములకొరకు అమర్చవలెను. ఈ విద్యకు ఇదియే మూలమని నా నమ్మకము, లెన్సు వెల తరువాతి మాట.

దీపమునకు వస్తువునకు నడుమ ట్రేసింగు కాగితమును తెరగా కట్టి, ఆ తెర చిత్రములోనికి చొరబడనంతవరకు దగ్గరకు జరిపినచో, వెలుతురు మెత్తబడి వెండియంతట విశాలముగా పరచుకొనును. ఐతే నలుదిక్కుల తెలుపునే నింపువారు పెక్కురు కలరు. అట్టి చిత్రమున వెండి సున్నము కొట్టినట్లు వెలవెలబోవును. ఒక ప్రక్క సన్నని నల్ల అట్టముక్కను నిలుపుడు: దాని నీడరూపము తీగ అంచున గీతవలె పారి, రెండు తీగలను కలిపి పురిపెట్టి, అదిమి, చట్రములో పొదిగి, అతికిన పనివాని నేర్పు మెలికమెలికగా వేరుపడి కనబడును. తీగపనికి తీగ యెంతయో నడిమి ఖాళీయు అంతయే గనుక, క్రిందనుండి గరుకుటద్దముగుండ కొంచెము వెలుగు పంపుట నాకు మిక్కిలి ఇష్టము.

ఇక లెన్సు మాట. వస్తుప్రతిబింబము సెన్సారుపై నిజపరిమాణమున పడునపుడు, లెన్సు ద్వారము ఎఫ్/8 వద్ద నుండగా స్ఫుటముగా నిలుచు లోతు ఇంచుమించు 1 మిల్లీమీటరు మాత్రమే. ద్వారమును ఎఫ్/22 దాకా మూసినచో లోతు పెరుగును గాని, వెలుతురు వివర్తనము చెంది తీగల వాడి తగ్గును. అందువలన కెమెరాను స్టాండుపై బిగించి, పట్టాలమీద అరమిల్లీమీటరు చొప్పున జరుపుచు వరుసగా చిత్రములు తీసి, వాని స్ఫుటభాగములను కంప్యూటరులో ఏకము చేయుట ఉత్తమమార్గము. ధూళిని ముందే కుంచెతో తుడువవలెను. ఇంత దగ్గరలో ప్రతి నలుసును పెద్దదై కనబడును.

నగలను చిత్రములలో చూపి అమ్మువారికి నా విన్నపము: అతుకుల జాడలను, సందులలో నిలిచిన నలుపును చెరిపివేయకుడు, అవి చేతిపనికి సాక్ష్యములు. ఇంత పెద్దదిగా చూపిన వస్తువు అసలు కొలతను చిత్రము ప్రక్కనే మిల్లీమీటర్లలో ముద్రింపుడు.