కత్తికి చిన్న పని, కిరణానికి పెద్ద పని

కువైట్‌లో ఉన్న మన రాయచోటి, రాజంపేట వాళ్లను నడుం నొప్పి ఎందుకొచ్చిందని అడిగితే బరువులు మోశాననో, రోజంతా స్టీరింగ్ ముందే ఉన్నాననో అంటారు. చాలాసార్లు అదే నిజం. కానీ పడుకున్నా తగ్గక రాత్రిళ్లు పెరిగే నొప్పిని, అదీ ఎప్పుడో రొమ్ము, ఊపిరితిత్తి, ప్రోస్టేట్, కిడ్నీ క్యాన్సర్‌కు వైద్యం చేయించుకున్న మనిషికి వస్తే, పని మీదకు నెట్టేయకూడదు. ఈ క్యాన్సర్లు రక్తంలో కలిసి వెన్నుపూసల్లోకి చేరతాయి.

అక్కడ పెరిగిన గడ్డ పూసను గుల్ల చేసి కుంగదీస్తుంది, వెనక్కి పెరిగితే వెన్నుపామును నొక్కుతుంది. రేడియేషన్ గడ్డను చంపగలదు గానీ కుంగిన పూసను నిలబెట్టలేదు. ఆపరేషన్ పూసను నిలబెడుతుంది గానీ మిగిలిన కణాలను ఏరలేదు. రెండూ కలిస్తే ఏమవుతుందో 2005లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన అమెరికన్ అధ్యయనం చూపించింది. మొత్తం 101 మంది రోగులు. రేడియేషన్ ఒక్కటే తీసుకున్నవాళ్లలో నూటికి 57 మంది నడవగలిగితే, ముందు ఆపరేషన్ కూడా అయినవాళ్లలో 84 మంది నడిచారు.

అయితే అవి పెద్ద ఆపరేషన్లు. అసలే నీరసించిన ఒంటికి రక్తం పోవడం, గాయం మానేదాకా కీమో ఆగిపోవడం మామూలు కష్టం కాదు. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ ఆసుపత్రి వైద్యులు ఇక్కడే దారి మళ్లించారు. గడ్డనంతా తీయాలన్న పట్టుదల వదిలేసి, వెన్నుపాముకూ గడ్డకూ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల సందు మాత్రం చేశారు. గడ్డను చంపే మోతాదును వెన్నుపాము తట్టుకోలేదు. ఆ కాస్త ఎడం ఉంటే కిరణం గడ్డ దగ్గర పూర్తి బలంతో పడి, వెన్నుపాము దగ్గరకొచ్చేసరికి తగ్గిపోతుంది. 2013లో వాళ్లు ప్రచురించిన అధ్యయనంలోని 186 మంది రోగుల్లో, మూడు సిట్టింగుల్లో ఎక్కువ మోతాదు తీసుకున్నవాళ్లకు ఏడాదిలో అదే చోట గడ్డ మళ్లీ పెరిగింది నూటికి సుమారు నలుగురికే.

ఆ సందునూ ఇప్పుడు చిన్న కోతలతోనే చేస్తున్నారు. ఎక్స్‌రే తెర మీద చూస్తూ చర్మంలోంచే స్క్రూలు దింపుతారు, సన్నని గొట్టంలోంచి గడ్డను తొలుస్తారు, కుంగిన పూసలోకి సూదితో సిమెంట్ ఎక్కిస్తారు. కండరాలు పెద్దగా చీలవు కాబట్టి గాయం త్వరగా మానుతుంది, రేడియేషన్ ముందుగా మొదలుపెట్టవచ్చు. టైటానియం స్క్రూల నీడ స్కాన్‌ను చెడగొడుతుందని కొన్నిచోట్ల కార్బన్ ఫైబర్ స్క్రూలు వాడుతున్నారు.

అందరికీ ఇదే కావాలని కాదు. లింఫోమా, మైలోమా అనే రక్త క్యాన్సర్లు మామూలు రేడియేషన్‌కే కరుగుతాయి. గురిచూసి ఎక్కువ మోతాదు ఇచ్చే ఈ కొత్త కిరణాల మీద మోజూ మితంగా ఉండాలి. 2021లో వచ్చిన అధ్యయనంలో వాటివల్ల నొప్పి పూర్తిగా పోయినవాళ్లు నూటికి 35 మంది, పాత పద్ధతిలో 14 మంది. ఒక అమెరికన్ అధ్యయనంలో మాత్రం ఒకే సిట్టింగ్‌లో ఇచ్చిన ఎక్కువ మోతాదు మామూలు మోతాదును మించలేదు.

కువైట్‌లో క్యాన్సర్ కంట్రోల్ సెంటర్, నరాల ఆపరేషన్ల ఆసుపత్రి ఇబ్న్ సీనా, ఎముకల ఆసుపత్రి అల్ రాజీ మూడూ సబా ఆరోగ్య ప్రాంతంలోనే ఉన్నాయి. కోతకు ముందే సర్జన్, రేడియేషన్ డాక్టర్ ఒకే స్కాన్ ముందు కూర్చోవాల్సిన వైద్యానికి ఇది అనువైన ఏర్పాటు. మనవాళ్లు కొందరు ఇక్కడ ఆపరేషన్ చేయించుకుని రేడియేషన్‌కు హైదరాబాద్‌కో వేలూరుకో వెళ్లాలనుకుంటారు. అలాంటప్పుడు స్కాన్ సీడీలు, ఆపరేషన్ నోట్సు వెంట తీసుకెళ్లాలి. సందు ఎక్కడ చేశారో, స్క్రూలు దేనితో చేసినవో తెలియకుండా అక్కడి డాక్టర్ ప్లాన్ గీయలేడు.

కాళ్లు తడబడుతున్నా, మూత్రం ఆగినా ఊరెళ్లే టికెట్ కోసం చూడకుండా అదే రోజు ఎమర్జెన్సీకి వెళ్లాలి. 2005 అధ్యయనంలో కూడా రెండు కాళ్లూ పూర్తిగా పడిపోయి 48 గంటలు దాటినవాళ్లను చేర్చుకోలేదు.